కేకత్త చేసిన చెత్త లారీ

ముందే చెప్తున్నా, నాకు నోరెక్కువ. మా వీధిలో ఎవరినడిగినా ఆ మాటే చెప్తారు. బట్టలు కుట్టుకుని బతికేదాన్ని. పొద్దస్తమానం మెషీను చప్పుడు మీద అరిచి అరిచి గొంతు ఇలా తయారైంది. ఈ కథ చెప్తూ మధ్యలో ఎవరినైనా తిడితే ఏమనుకోకండి. ఊరికే తిట్టను, తిట్టాల్సినవాళ్ళనే తిడతాను.

కేకత్తది మా పక్క వాటా. ఆవిడకి అసలు పేరంటూ ఒకటి ఉందిగానీ అది కరెంటు బిల్లు మీద తప్ప ఇంకెక్కడా పనికిరాలేదు. పిల్లలు కేకత్త అన్నారు, పెద్దవాళ్ళు కూడా అదే అనేశారు. నేను మాత్రం అక్కా అంటాను. మొగుడు పోయాడు, పిల్లలు లేరు. వయసులో ఉన్నప్పట్నుంచీ మెయిన్ రోడ్డు మీద పెద్ద బేకరీలో పనిచేసింది. కేకుల మీద పువ్వులు వెయ్యడం, పేర్లు రాయడం ఆవిడ పని. అక్షరాలు రాస్తే ముత్యాలు పేర్చినట్టే ఉండేవి.

అలాంటి మనిషికి పిండి పడకుండా పోయింది. వింత కాకపోతే ఏమిటి! పక్కగదిలో మైదా జల్లిస్తుంటే ఆ దుమ్మంతా ఏళ్ళ తరబడి పీల్చిందిగా, దగ్గు పట్టుకుంది. మామూలు దగ్గు కాదు, దగ్గుతూ దగ్గుతూ గోడ పట్టుకుని కూలబడిపోయేది. డాక్టరు మొహమాటం లేకుండా చెప్పేశాడు, ఆ పిండి గది మానకపోతే ఊపిరి మీద ఆశ వదులుకోమని. బేకరీ యజమాని నవ్వాడట. "కేకులు చేసేదానికి పిండి పడదా! చేపకి నీళ్ళు పడవన్నట్టుంది" అన్నాడట. వాడి నోట్లో మన్ను పడ.

మానేసి ఇంటికొచ్చి కూచుంది. చేతకాక కూచోలేదు, బియ్యప్పిండితో కుస్తీ పట్టింది. మొదటి కేకు నా మీదే ప్రయోగించింది. ఇటుక! గోడ కట్టుకోవచ్చు. రెండోది నోట్లో పెట్టుకుంటే ఇసుక. "అక్కా, నన్ను చంపాలనుకుంటే తిన్నగా చంపు, ఇలా వాయిదాల్లో వద్దు" అన్నాను. ఆవిడ నవ్వలేదు, మళ్ళీ కలిపింది. బంగాళాదుంప పిండి కలిపింది, గుడ్లు నురగొచ్చేదాకా గిలక్కొట్టింది, కలిపిన ముద్దని కాసేపు నాననిచ్చింది. నానితే ఆ ఇసుకతనం పోతుందని తనే కనిపెట్టుకుంది. ఆఖరికి ఒకరోజు ముక్క తెచ్చిపెట్టి నా మొహంలోకి చూసింది. తిన్నాను. ఇంకో ముక్క ఉందా అన్నాను. అప్పుడు ఏడ్చింది పిచ్చిది.

అలా మొదలైంది ఆవిడ వ్యాపారం. గోధుమ పడని పిల్లలు ఇంతమంది ఉంటారని నాకేం తెలుసు! గ్లూటెన్ అంటారు, అది కాస్త లోపలికెళ్ళినా ఆ పిల్లలకి పేగులు పాడవుతాయి, కడుపునొప్పితో మెలికలు తిరుగుతారు. ఆ పిల్లల తల్లులకి ఫోన్లో ఒక గ్రూపుంది. ఒకరు చెప్తే ఇంకొకరు, కేకత్త దగ్గరికి వచ్చేవాళ్ళు. ఆవిడ ఇంట్లోకి గోధుమ నలుసు కూడా రానిచ్చేది కాదు. ఒకసారి నేను బన్ను తింటూ వెళ్తే గుమ్మం దగ్గరే ఆపేసి, "తిని, మూతి కడుక్కుని, చేతులు కడుక్కుని రా" అంది. నాకు ఒళ్ళు మండింది. "ఏం, నేనేమైనా అంటురోగమా?" అన్నాను.

"కాదే, నా బతుకంతా ఆ తల్లుల నమ్మకం మీదుంది. ఒక్క పిల్ల, ఒక్కటంటే ఒక్క పిల్ల నా కేకు తిని జబ్బుపడిందన్న మాట బయటికొస్తే ఇంకెవరూ రారు. మళ్ళీ ఆ పిండి గదిలోకే పోవాలి. పోతే ఈసారి తిరిగి రాను" అంది.

ఆ మాట విన్నాక మళ్ళీ బన్నుతో వెళ్ళలేదు.

ఇక ఆ చంటిముండ సంగతి. ముద్దుకే అంటున్నాలెండి. వీధి చివర పెద్ద గేటు ఇల్లుంది. ఆ ఇంటి మనవరాలు, ఆరో ఏడు వస్తోంది, దానికి గోధుమ పడదు. దాని పిచ్చంతా చెత్త లారీ. పొద్దున్నే లారీ చప్పుడు వినిపిస్తే చాలు, పళ్ళు తోముతూ నురగ మూతితోనే గేటు దగ్గరికి పరిగెత్తేది. వెనకాల డబ్బా పైకి లేచి చెత్త లోపలికి కుమ్మరిస్తుంటే చప్పట్లు కొట్టేది. పెద్దయ్యాక ఏమవుతావే అంటే లారీ వెనక పట్టుకుని వేలాడతానంది.

దాని నాయనమ్మకి ఇది ప్రాణం మీదికొచ్చినట్టుండేది. ఆవిడ స్కూలు హెడ్మిస్ట్రెస్‌గా చేసి దిగిపోయింది. ఉద్యోగం నుంచి దిగిందిగానీ ఆ కుర్చీలోంచి ఇంకా దిగలేదు. ఇంట్లో అందరూ ఆవిడకి పిల్లకాయలే. కొడుకు అమ్మ మాట వినపడగానే ఫోన్లో తల దూరుస్తాడు. కోడలు, అంటే మన పిల్ల తల్లి, మంచిది. మంచిది అంటే నోట్లో నాలుక లేనిది. పెద్దావిడ లెక్కలో గోధుమ పడకపోవడం జబ్బు కాదు, కోడలి గారాబం. "మా స్కూల్లో వేలమంది పిల్లల్ని చూశాను, ఒక్కరికీ లేదు ఈ రోగం. తినిపిస్తే అదే అలవాటవుతుంది" అనేది.

పుట్టినరోజంటే ఆ పిల్లకి ఏమిటో తెలుసా? కేకు కొయ్యడం, కత్తి కింద పెట్టడం, అందరూ తింటుంటే చూడ్డం. దానికి మాత్రం స్టీలు డబ్బాలోంచి బియ్యం బిస్కట్టు తీసిచ్చేవాళ్ళు. ప్రతి ఏడూ ఇదే తంతు. ఈసారి తల్లి ఎలాగో ధైర్యం కూడగట్టుకుని కూతుర్ని వెంటబెట్టుకుని కేకత్త ఇంటికొచ్చింది. నేను అక్కడే ఉన్నాను, జిప్పు కుడుతున్నాను.

"కేకత్తా, నాకు చెత్త లారీ కావాలి" అంది పిల్ల.

"అలాగే. ఏ రంగు?"

"ఆకుపచ్చ. వెనకాల నిండా చెత్త ఉండాలి. అరటితొక్క, గుడ్డు పెంకు, చేప ముల్లు, తెగిన చెప్పు."

"తెగిన చెప్పు కూడానా?"

"అదే ముఖ్యం. పైన కాకి."

"కాకి ఎందుకే?"

"చెత్త మీద కాకి ఉండదా ఏంటి?" అంది, కేకత్తకి ఏమీ తెలియనట్టు చూస్తూ. మేమిద్దరం పడీపడీ నవ్వాం. తల్లి కూడా నవ్వింది, వెంటనే ఎవరైనా చూశారేమో అన్నట్టు ఆపేసింది. వెళ్ళేముందు పిల్ల గుమ్మం దగ్గర ఆగి వెనక్కి తిరిగింది.

"ఇది నేను కూడా తినొచ్చా? నిజంగా?"

"నువ్వే ముందు తినాలి" అంది కేకత్త.

ఆ కేకు చేసినంత ముచ్చటగా ఆవిడ ఇంకేదీ చెయ్యలేదు. చక్రాల కోసం సీసా మూతల్లో చాక్లెట్టు పోసి ఆరబెట్టింది. చక్కెర ముద్దతో అరటితొక్క చేసి, అక్కడక్కడా కుంచెతో నల్లమచ్చలు కూడా పెట్టింది. చెప్పుకి తెగిన పట్టీ పక్కకి వేలాడేలా చేసింది. నేను చూసి, "ఇది నా చెప్పే కదా!" అన్నాను. "నీది చూసే చేశాను, నువ్వెప్పుడు కొత్తవి కొనుక్కున్నావు గనక" అంది. కాకిని మూడుసార్లు చెరిపింది. ఒకసారి పావురంలా వచ్చింది, ఒకసారి కోడిలా. ఆఖరిది మాత్రం అచ్చం దొంగచూపుల కాకి.

పుట్టినరోజు పొద్దున ఇద్దరం రెండువైపులా పట్టుకుని, గర్భిణీ స్త్రీని నడిపించుకెళ్ళినట్టు మెల్లగా ఆ ఇంటికి తీసుకెళ్ళాం. భోజనాల బల్ల మీద అప్పటికే ఇంకో కేకుంది. మెయిన్ రోడ్డు బేకరీది, కోట ఆకారంలో పెద్ద చాక్లెట్టు కేకు. కేకత్త మొహం మారింది.

"అమ్మా, ఈ బల్ల మీద గోధుమది ఏదీ ఉండకూడదని చెప్పాను కదా" అంది కోడలితో.

కోడలు నోరు తెరిచేలోపే పెద్దావిడ వచ్చింది. "అది వచ్చినవాళ్ళకి. వాళ్ళకి మీ మందు కేకు పెట్టలేం కదా" అంది. తర్వాత లారీ వంక చూసింది. చేప ముల్లు చూసింది, చెప్పు చూసింది. వాంతి చూసినట్టు మొహం పెట్టింది. "ఆడపిల్ల పుట్టినరోజుకి చెత్తా? నా కొలీగ్స్ వస్తున్నారు."

"పాప అడిగిందండి" అంది కేకత్త.

"పాప అడిగితే బురద కూడా పెడతారా?"

నాకు నాలుక దురద పెట్టింది. కేకత్త నా మోచెయ్యి గిల్లింది. లారీని వేరే గదిలో ఎత్తుగా ఉన్న అలమారా మీద పెట్టించి, దానికోసం తెచ్చిన కొత్త కత్తి పక్కనే ఉంచి, కోడలికి ఒకటికి రెండుసార్లు చెప్పింది. "దీన్ని ఎవరూ ముట్టుకోవద్దు. ఆ కేకు కోసిన కత్తి దీనికి తగలకూడదు. గుర్తుంది కదమ్మా?" కోడలు గుర్తుందండీ అని తలూపింది.

సాయంత్రం మమ్మల్నీ రమ్మన్నారు. మొహమాటానికి పిలిచారు, మేమూ పిల్ల కోసం వెళ్ళాం. హాలు నిండా జనం. పెద్దావిడ పాత టీచర్లు, కొడుకు ఆఫీసువాళ్ళు, పిల్లలు. అందరి చేతుల్లోనూ ఫోన్లు. లారీని తీసుకొచ్చి మధ్యలో పెట్టారు. నాకు ముందు ఏమీ తోచలేదు, కేకత్త మాత్రం నా చెయ్యి గట్టిగా పట్టుకుంది.

"చెత్త ఏదే?" అంది.

చూద్దును కదా, లారీ వెనకాల అరటితొక్క లేదు, గుడ్డు పెంకు లేదు. నిండా గోధుమరంగు పొడి, కుప్పగా. కాకి దాని మీద దిక్కుతోచనట్టు కూర్చుంది. పిల్ల కూడా అదే అడిగింది.

"నాయనమ్మా, నా చెత్తేది?"

"ఇది మట్టి లారీ బంగారం. ఇళ్ళు కట్టేవాళ్ళ లారీ. ఎంత బాగుందో చూడు" అని వచ్చినవాళ్ళ వైపు తిరిగి నవ్వింది పెద్దావిడ.

నాకప్పుడు వెలిగింది. పక్కనున్న కోట కేకు వెనకవైపు గీకేసి ఉంది. చెత్త కనిపిస్తే పరువు పోతుందని ఆ కేకునే పొడి చేసి లారీలో పోసింది మహాతల్లి! మట్టి అట మట్టి. మనవరాలి కడుపులో పోసింది మట్టి. ఇలాంటి పని చెయ్యాలంటే పగవాళ్ళకి కూడా చేతులు రావు, పరువు పిచ్చి ఉన్నవాళ్ళకి మాత్రం వస్తాయి.

పాట పాడారు. పిల్ల పాట వినడంలేదు, మొహం ముడుచుకుని ఆ పొడిలో వేలు పెట్టి కెలుకుతోంది. ఉన్నట్టుండి దాని మొహం వెలిగిపోయింది. "చెప్పుంది! కేకత్తా, నా చెప్పు ఇక్కడే ఉంది!" అని పైకి లాగింది. చెప్పు నిండా ఆ పొడే. నోరు తెరిచింది.

కేకత్తకి ఆ క్షణంలో అంతా తెలుసు. అది నేను ప్రమాణం చేసి చెప్తాను. నోరు మూసుకుని ఊరుకుంటే ఏమయ్యేది? పిల్ల తినేది, వారం పది రోజులు మెలికలు తిరిగేది, ఎవరికి తోచింది వాళ్ళు అనుకునేవాళ్ళు. నోరు విప్పితే తన కేకులో గోధుమ ఉందని ఇంతమంది ముందు తన నోటితో తనే చాటినట్టు. కొరివితో తల గోక్కోవడమే. ఆవిడ ఒక్క గెంతులో బల్ల దగ్గరికెళ్ళి పిల్ల చేతిమీద కొట్టింది.

"తినకు! అందులో మైదా ఉంది!"

చెప్పు ఎగిరి గోడకి తగిలి ముక్కలైంది. పిల్ల ఒక్క క్షణం చేతివంక చూసుకుంది. తర్వాత ఏడుపు. ఆ ఏడుపు ఇప్పటికీ నా చెవుల్లో ఉంది.

"విన్నారా?" అంది పెద్దావిడ, క్లాసులో నిలబడ్డట్టు నిలబడి. "ఆవిడే చెప్తోంది మైదా ఉందని. గ్లూటెన్ ఫ్రీ అని చెప్పి మైదా కేకు అంటగట్టి, ఆఖర్న భయమేసి పిల్లని కొడుతోంది."

"అయ్యో, ఆ పొడి నాది కాదండీ! ఆ కోట కేకుది. వెనక చూడండి" అంది కేకత్త.

నేను వెళ్ళి ఆ కోట కేకుని గిర్రున తిప్పాను. "చూడండి! కళ్ళున్నవాళ్ళెవరైనా చూడండి!" అని అరిచాను.

"పిల్లలెవరో గీకి ఉంటారు" అంది పెద్దావిడ. చెక్కుచెదరలేదు. దొంగే దొంగ దొంగ అని అరవడం విన్నానుగానీ, ఇంత తీరిగ్గా అరవడం అదే మొదలు. కొడుకు వైపు చూశాను. ఫోన్లో ఉన్నాడు.

కేకత్త కోడలి వైపు తిరిగింది. "నువ్వు చెప్పమ్మా. పొద్దున నేనిచ్చినప్పుడు ఎలా ఉంది? చెత్త లేదూ? కాకి కింద అరటితొక్క లేదూ?"

కోడలు అత్తగారి వంక చూసింది, కూతురి వంక చూసింది, నేలవంక చూసింది. చివరికి, "నేను సరిగ్గా చూడలేదు ఆంటీ. మీరే ఎక్కడో పొరపాటు పడ్డారేమో" అంది.

కేకత్త కిందకి వంగి పిల్లని దగ్గరికి తీసుకోబోయింది. పిల్ల రెండు చేతులతో ఆవిణ్ణి తోసేసింది.

"నువ్వు ఫో! నువ్వు చెడ్డదానివి! నన్ను తినమన్నావు, మళ్ళీ కొట్టావు!"

ఎవరో స్టీలు డబ్బా తెచ్చి దాని చేతిలో బిస్కట్టు పెట్టారు. మేం బయటికొచ్చేశాం. వెనకాల కోట కేకు కోసి పంచుతున్నారు.

మర్నాడు కోడలు ఫోన్ చేసింది. కేకత్త స్పీకరు మీద పెట్టింది, అందుకే నేనూ విన్నాను. "ఆంటీ, పాపకి ఏమీ కాలేదు. మీరు ఆపారు కాబట్టే. అత్తయ్య ఆ పొడి వేస్తుంటే నేను చూశాను. కోసేటప్పుడు పైపైన తీసేసి పెడదాంలే అనుకున్నాను. మీకు ఫోన్ చేశానని దయచేసి ఎవరికీ చెప్పకండి."

చూసిందట! తల్లై ఉండి చూసిందట! నేను ఫోన్ లాక్కోబోయాను, కేకత్త ఇవ్వలేదు.

"పోనీలేమ్మా, పిల్ల బాగుంది, అంతే చాలు. ఒక్క సాయం చెయ్యి. ఆ వీడియో ఎవరో మీ తల్లుల గ్రూపులో పెట్టారు. నేను 'మైదా ఉంది' అని అరవడం, పాపని కొట్టడం, అంతే ఉంది అందులో. అది తీసెయ్యమని చెప్పు. నిజం ఏమిటో ఒక్క ముక్క రాయి, చాలు."

"అది నా ఫోన్ నుంచే అత్తయ్య పెట్టారు ఆంటీ. నేనెలా తీసేది? ఈ ఇంట్లో ఉండాల్సినదాన్ని."

ఫోన్ పెట్టేసింది. ఆ వారంలోనే ఒప్పుకున్న కేకులన్నీ ఒకరి తర్వాత ఒకరు వద్దనేశారు. ఒకావిడైతే, పోయిన నెల మా బాబుకి కడుపునొప్పి ఎందుకొచ్చిందో ఇప్పుడర్థమైందని మెసేజీ పెట్టింది. పోయిన నెల ఆవిడకి కేకత్త కేకే చెయ్యలేదు! నేను వాళ్ళందరి ఇళ్ళకీ వెళ్ళి కడిగేస్తానని చెప్పులేసుకున్నాను. కేకత్త ఆపింది.

"వద్దే. పిల్లల తల్లులు వాళ్ళు. భయపడతారు. వాళ్ళ చోట నేనున్నా అంతే చేస్తాను" అంది.

బియ్యప్పిండి డబ్బాలు ఖాళీ అయ్యేదాకా ఎవరైనా వస్తారేమోనని చూసింది. రాలేదు. ఒకరోజు పొద్దున్నే పాత కొంగు మడిచి ముక్కుకి కట్టుకుని బేకరీకి బయల్దేరింది. యజమాని తీసుకున్నాడు. తీసుకోకేం, ఆవిడలా పేర్లు రాసేవాళ్ళు వాడికి దొరకలేదు. "ఏం, చేప మళ్ళీ నీళ్ళలోకి వచ్చిందా?" అన్నాడట. వారం తిరక్కుండానే దగ్గు మొదలైంది. ఇప్పుడు పీల్చే మందు లేకుండా మేడమెట్లు ఎక్కలేదు. మా ఇద్దరి గోడ పల్చనిది, ఆవిడ దగ్గు నా మెషీను చప్పుడు కంటే పైకి వినపడుతుంది.

ఏడాది గడిచింది. మొన్న నేను బట్టలు ఇవ్వడానికి మెయిన్ రోడ్డుకి వెళ్ళి, పనిలోపని బేకరీలోకి తొంగిచూశాను. కేకత్త బల్ల ముందు వంగి ఉంది. పెద్ద గులాబీరంగు కోట. దాని మీద పేరు రాస్తోంది. చదివాను. ఆ పిల్ల పేరే.

"వాళ్ళదేనా?" అన్నాను.

"ఆఁ. పెద్దావిడే వచ్చి చెప్పి వెళ్ళిందట. మామూలు మైదాదే."

నా ఒళ్ళు భగ్గుమంది. "ఇంకెవరితోనైనా రాయించమని చెప్పలేవూ! వంకర గీతలు గీసి పారెయ్! లేకపోతే నాకియ్యి, నేల మీద కొడతాను!"

ఆవిడ తల ఎత్తలేదు. చివరి అక్షరానికి కొమ్ము పెట్టి, చుట్టూ చిన్న చిన్న పువ్వులు వేసింది. ఒక్కటి నచ్చలేదో ఏమో, గీకేసి మళ్ళీ వేసింది.

"ఊరుకోవే" అంది, దగ్గు మధ్యలో ఊపిరి కూడదీసుకుంటూ. "అది ఎలాగూ తినదు. చూసుకోడానికన్నా బాగుండాలి కదా."